అడుగుపెట్టని వార్డు

"వన్, టూ, త్రీ" అని భానుమతి అనగానే మంచానికి అవతల ఉన్న యోగిత కింది షీటు పట్టుకుని లాగింది. తొంభై ఒక్కేళ్ల నోరా మెల్లగా ఎడమవైపుకి ఒత్తిగిలింది. భానుమతి ఆమె వీపు వెనక దిండు సర్ది, మోకాళ్ల మధ్య ఇంకొకటి పెట్టి, దుప్పటి ఎత్తి మడమలు చూసింది. కుడి మడమ మీద రూపాయి బిళ్లంత ఎరుపు. బొటనవేలితో నొక్కి వదిలింది. నొక్కిన చోట తెల్లబడలేదు, పుండు పడబోయే గుర్తు.

"ఇది నిన్న లేదు. చార్టులో రాయి. నేను నర్సుకి చెప్తాను."

"ఇంక నర్సుకి చెప్పుడేంది అక్కా, నువ్వే నర్సువైతవు గదా," అంది యోగిత.

భానుమతి నోరా మడమ కింద మెత్తటి ప్యాడ్ పెట్టింది. ఐర్లండ్‌లోని ములింగార్ ఊరి చివర ఉన్న ఆ నర్సింగ్ హోమ్‌లో ఇద్దరూ కేర్ అసిస్టెంట్లు. ముసలివాళ్లకి స్నానాలు చేయించడం, తినిపించడం, పక్కలు మార్చడం వాళ్ల పని. మందుల బండి తాళాలు నర్సుల దగ్గర ఉంటాయి. ఆ తాళాల కోసమే భానుమతి మూడేళ్లు ఆన్‌లైన్‌లో నర్సింగ్ చదివింది. క్లాసులు, టైమ్‌టేబుల్ ఏమీ లేవు, ఎవరి వీలుని బట్టి వాళ్లు చదువుకోవడమే. టీ బ్రేకుల్లో, బస్సులో, కూర ఉడికేలోపు, నలభై ఒక్క పాఠాలు పూర్తి చేసింది. జూన్‌లో ఆఖరి పరీక్ష పాసైంది. జూలైలో కాలేజీ ఆమె కాగితాలన్నీ నేరుగా ఇక్కడి నర్సింగ్ బోర్డుకి పంపింది. ఇప్పుడు అక్టోబరు.

జేబులో ఫోను కదిలింది. డ్యూటీలో ఫోను చూడకూడదు. అయినా కారిడార్‌లోకి వచ్చి, దుప్పట్లు పెట్టే అల్మరా తలుపు తెరిచి, ఆ తలుపు చాటున నిలబడి చూసింది. బోర్డు నుంచి మెయిలు.

మొదటిసారి చదివినప్పుడు వేరే ఎవరికో వెళ్లాల్సింది తనకి వచ్చిందనుకుంది. మెయిలు పైకి జరిపి పేరు చూసింది. తన పేరే. పుట్టిన తేదీ తనదే. మళ్లీ చదివింది. తను హైదరాబాదులోని ఒక ఆసుపత్రిలో రెండువేల మూడువందల గంటల శిక్షణ పొందినట్టు రికార్డు వచ్చిందట. అలాంటి పేరుగల మనిషి తమ దగ్గర ఏ రోజూ శిక్షణ పొందలేదని ఆ ఆసుపత్రి బోర్డుకి రాసిందట. తప్పుడు పత్రాలతో దరఖాస్తు చేయడం తీవ్రమైన విషయమనీ, ఇరవై ఎనిమిది రోజుల్లో వివరణ ఇవ్వాలనీ ఉంది. కింద ఒక పట్టిక. తేదీలు, వార్డులు. పిల్లల వార్డు. ప్రసూతి వార్డు. ఆపరేషన్ థియేటర్. మానసిక వైద్య విభాగం.

ఆమె హైదరాబాదులో ఏ ఆసుపత్రిలోనూ పనిచేయలేదు. ఆ ఊళ్లో ఆమెకి తెలిసింది విమానాశ్రయం ఒక్కటే.

"అక్కా, పన్నెండో రూమ్‌ల బెల్ మోగుతున్నది," అని యోగిత పిలిచింది.

వెళ్లింది. పన్నెండో గదిలో ముసలాయన్ని బాత్రూముకి నడిపించింది. నోరా మడమ సంగతి నర్సుకి చెప్పింది. మధ్యాహ్నం నోరాకి సూపు తినిపిస్తూ ఉండగా ఆవిడ "నాకేమైనా పెడతావా, చూస్తూ ఉంటావా" అని అడిగింది. అప్పుడు చూసుకుంది. చెంచా గిన్నెకీ ఆవిడ నోటికీ మధ్య ఆగిపోయి ఉంది. సూపు మీద మీగడలా పొర కట్టింది. అంతసేపు అలా ఉన్నట్టు ఆమెకి తెలియలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చాక కోటు విప్పకుండానే వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. పద్నాలుగేళ్ల కూతురు రిషిత హోమ్‌వర్క్ చేసుకుంటోంది. భర్త త్రినాథ్ అత్లోన్ నుంచి అప్పుడే వచ్చాడు. అక్కడ గుండెకి వేసే స్టెంట్లు తయారుచేసే ప్లాంటులో క్వాలిటీ విభాగంలో పని అతనిది.

"ఏటైంది?" అన్నాడు ఆమెని చూడగానే.

ఫోను అతని చేతికిచ్చింది. అతను నిలబడే చదివాడు. కుర్చీ లాక్కుని కూర్చుని మళ్లీ చదివాడు. ఆఫీసులో రికార్డులు చూసేటప్పటిలా ఒక్కో వరస మీద వేలు ఆపుతూ పోయాడు.

"ఈ ఆస్పత్రి ఏటి? నువ్వెప్పుడెళ్లేవు?"

"నాకేటి తెల్సు? నానెళ్లనే లేదు."

రిషిత లేచి వచ్చి నాన్న భుజం మీంచి తొంగి చూసింది. తేదీలు చదువుకుంటూ ఒకచోట ఆగింది.

"అమ్మా, ట్వెంటీ ఫోర్త్ జాన్యువరీ. దట్స్ ద స్టార్మ్ డే. యు వర్ స్టక్ అట్ వర్క్. వి హాడ్ నో పవర్, రిమెంబర్?"

దేశమంతా రెడ్ అలర్ట్ ఇచ్చిన రోజు అది. ఉదయం వచ్చేవాళ్లు రోడ్ల మీద పడిన చెట్లు దాటి రాలేకపోతే, భానుమతి రెండు షిఫ్టులు వరసగా చేసింది. కరెంటు పోయి జనరేటర్ ఆగిపోతే, గాలి పరుపుల మీద ఉన్నవాళ్లని పుండ్లు పడకుండా గంటగంటకీ చేతుల్తో తిప్పింది. పట్టికలో ఆ తేదీ పక్కన, ఆపరేషన్ థియేటర్, ఎనిమిది గంటలు, అని ఉంది.

త్రినాథ్ ఫోను బల్ల మీద బోర్లించాడు. "మా ప్లాంటులో ఇలాటి పేజీ ఒక్కటి దొరికిందనుకో, ఆ లాటు సరుకంతా ఆపీస్తారు. బయటికెళ్లిపోయినవి కూడా ఎనక్కి తెప్పించీస్తారు."

"మరి నన్నేటి చేస్తారు?"

అతను ఫోను ఆమె వైపు జరిపాడు. "నువ్వు చదివేవు కదా," అన్నాడు. "నేను చూసేను కదా నువ్వు చదవడం."

ఆ మాటకి తనకి ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. లేచి కోటు విప్పి, బియ్యం కడిగింది.

మర్నాడు ఆమెకి సెలవు. పొద్దున్నే డబ్లిన్ రైలెక్కి, అక్కడ దిగి ల్యూయాస్ ట్రామ్ పట్టుకుని శాండీఫోర్డ్ వెళ్లింది. గోపాలరావుగారు అక్కడే ఉంటారు. విజయవాడలో పారామెడికల్ కాలేజీ నడిపిన మనిషి. రిటైరయ్యాక కొడుకు ఆశిష్ దగ్గరికి వచ్చారు. ఆన్‌లైన్ కాలేజీకి ఐర్లండ్‌లో ఆయనే కోఆర్డినేటర్. తెలుగువాళ్ల కూటాల్లో ఆయన్ని ఎరగనివాళ్లు లేరు. భానుమతికి ఈ చదువు సంగతి చెప్పింది, మధ్యలో మానేస్తానంటే గంటసేపు ఫోనులో ధైర్యం చెప్పి ఆపింది కూడా ఆయనే.

"రామ్మా, రా. చలిలో వచ్చావు. సీతా, అమ్మాయికి టీ పెట్టు," అన్నారు తలుపు తీస్తూనే.

ఆశిష్ ఆఫీసుకి వెళ్లిపోయాడు. ఆయన భార్య సీతాలక్ష్మి వంటింట్లోంచి పలకరింపుగా నవ్వి స్టవ్ వెలిగించింది. వంటిల్లు, హాలు ఒకటే గది. భానుమతి సోఫా అంచున కూర్చుని ఫోను ఇచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని మెయిలు ఆసాంతం చదివారు. ముఖంలో ఏ మార్పూ లేదు. ఆ మార్పు లేకపోవడం ఆమె గమనించింది.

"ఆసుపత్రికి రాసి కనుక్కుంటున్నారన్న మాట ఇప్పుడు. ఇదివరకు అలా చేసేవాళ్లు కాదు," అన్నారు.

"అంకుల్, నేను ఆ ఆసుపత్రికి వెళ్లలేదు."

"తెలుసమ్మా."

ఆయన ఇంకేదో అంటారని ఆమె ఎదురుచూసింది. కెటిల్‌లో నీళ్లు మరిగే చప్పుడు వినిపించింది.

"తెలుసా?"

"చూడు భానుమతీ, చదువు నువ్వు చదివావు. పరీక్షలు నువ్వు రాశావు. ఊళ్లో తొమ్మిదేళ్లు ఏఎన్ఎంగా చేశావు. ఎన్ని పురుళ్లు పోశావో నాకు చెప్పావు. ఇక్కడ ఆరేళ్లుగా రోగుల్నే చూస్తున్నావు. ఇంకా పని నేర్చుకోవడానికి నీకు వార్డు ఎందుకు? బోర్డువాళ్లకి గంటలు కావాలి. గంటలు చూపించాం. అది ఒక ఫారం నింపడం, అంతే."

"ఎవరు నింపేరు?"

ఆయన ల్యాప్‌టాప్ తెరిచి, కాసేపు వెతికి, తెర ఆమె వైపు తిప్పారు. "నీ దగ్గర కాపీ లేదుగా. ఇదిగో, చూసుకో. వివరణలో తేడా రాకుండా ఉంటుంది."

స్కాన్ చేసిన పేజీలు. చేతిరాత. తేదీ, వార్డు, చేసిన పని, గంటలు. 'రెండేళ్ల బాబుకి సెలైన్ పెట్టుటలో సహాయపడితిని' అన్నట్టు ఇంగ్లీషులో చక్కని వాక్యాలు. అచ్చు వేసినట్టు గుండ్రటి అక్షరాలు. ఏడు అంకెకి నడుమ అడ్డగీత. ప్రతి పేజీ కింద సూపర్‌వైజర్ ముద్ర, దాని పక్కన ఒక సంతకం.

ఆ సంతకం ఆమెదే.

దొంగ సంతకం కాదు. చివరి అక్షరం తోక పైకి తిప్పి దాని కింద చుక్క పెట్టడం ఆమె అలవాటు. చుక్కలన్నీ ఉన్నాయి.

"మార్చిలో పంపించాను కదమ్మా, ఇరవై మూడు కాగితాలు. సంతకాలు పెట్టి పంపావు."

పంపింది. వంటింటి గట్టు మీద, కుక్కరు విజిల్ వేస్తుంటే, ఖాళీ కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతూ పెట్టింది. పైన 'క్లినికల్ రికార్డ్' అని అచ్చయి ఉంది. దాని కింద గళ్లు, అన్నీ ఖాళీ. తన నర్సింగ్ హోమ్ గంటలు, ఊళ్లో చేసిన పని అందులో నింపుతారనుకుంది.

"నేను చేసింది రాస్తారనుకున్నాను."

"మరి ఖాళీ కాగితాల మీద ఎందుకండీ సంతకం అని అప్పుడు అడగలేదేమ్మా?"

బెదిరించినట్టు అనలేదు. పాఠం సరిగ్గా వినని పిల్లని అడిగినట్టు, మెత్తగా అడిగారు. భానుమతి మళ్లీ తెర వైపు చూసింది.

"ఈ మూడేళ్లలో సెలవులు పెట్టి ఇండియాకి వెళ్లాననీ, అప్పుడు చేశాననీ రాయి. తేదీలు పొరపాటు పడ్డాయని రాయి. ఆసుపత్రి సంగతి నేను మాట్లాడతాను. నువ్వు కంగారుపడి ఏదో ఒకటి రాశావనుకో, నీ ఒక్కదానితో పోదు. నీ వెనక పదహారు మంది ఉన్నారు. అందరూ ఆడపిల్లలే, పిల్లల తల్లులు. మీ యోగిత కూడా. నువ్వు చదువుతున్నావని చూసే చేరారు వాళ్లంతా."

సీతాలక్ష్మి టీ కప్పు తెచ్చి ముందు పెట్టింది. పెడుతూ తెర వైపు చూసింది. చేయి కప్పు మీదే ఉండిపోయింది. భానుమతి తలెత్తింది. ఆవిడ వెనక ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతంతో అంటించిన సరుకుల చీటీ కనిపించింది. ఇంగువ, మినప్పప్పు, పేపర్ టవల్స్, అన్నీ ఇంగ్లీషులో. గుండ్రటి అక్షరాలు. 'మిల్క్ 7' అని ఉన్నచోట ఏడుకి నడుమ అడ్డగీత.

భానుమతి చీటీ చూసింది. తెర చూసింది. సీతాలక్ష్మి ముఖం చూసింది. ఆవిడ విజయవాడలో ముప్పయ్యేళ్లు స్కూలు టీచరుగా చేశారని ఎవరో చెప్పగా విన్న సంగతి గుర్తొచ్చింది. ఆవిడ కళ్లు దించుకోలేదు. ఏదో అర్థం కానిదాన్ని అర్థం చేసుకోవడానికి చూస్తున్నట్టు, తెర మీద ఉన్న తేదీల వైపే చూస్తోంది.

"టీ తాగమ్మా, చల్లారిపోతుంది," అన్నారు గోపాలరావుగారు.

ఆమె తాగకుండానే లేచింది.

గురువారం ఉదయం పక్కలు మార్చడం అయ్యాక, లాండ్రీ గదిలో తువ్వాళ్లు మడతపెడుతూ యోగితకి చెప్పింది. మొత్తం చెప్పలేదు. ఆసుపత్రి పేరు, దొంగ గంటలు, బోర్డు అడిగిన వివరణ, ఇంతవరకే చెప్పింది. ఖాళీ కాగితాల సంగతి దాటేసింది.

యోగిత చేతిలో తువ్వాలు మడత సగంలో ఆగింది. "నిన్న రాత్రి గోపాలరావు అంకుల్ ఫోన్ చేసిండు. నువ్వు గిట్ల మాట్లాడుతవని చెప్పిండు. నేను నమ్మలే."

"ఏటన్నారు?"

"నీ కాగితాలల్ల ఏదో తప్పు పడ్డదట. అది నీ ఒక్కదానిదే అట. మా అందరివీ మంచిగనే ఉన్నయట."

"నీకు కూడా ఇరవై మూడు కాగితాలు పంపేరేటి?"

యోగిత తువ్వాలు దొంతర మీద పెట్టింది. దాన్ని తీసి మళ్లీ మడతపెట్టింది.

"పోయిన నెలనే ఇచ్చిన," అంది. "అక్కా, నువ్వు సప్పుడు చెయ్యకుంటే నాది ఎల్లిపోతుండె. రెండేండ్లు సదివిన. ఇద్దరు పిల్లల్ని ఎత్తుకుని సదివిన. నువ్వు చేసినవనే నేను చేరిన. ఇప్పుడు నువ్వే ఒద్దంటున్నవు."

"నేను వద్దనలేదు యోగితా. ఉన్నది చెప్తున్నాను."

"నాకేం చెప్పకు."

తలుపు దగ్గర తువ్వాళ్ల బండి అడ్డం పడితే దాన్ని పక్కకి తోసి వెళ్లిపోయింది. ఆ రోజంతా ఇద్దరూ ఒకే మంచానికి చెరోవైపు నిలబడి మనుషుల్ని తిప్పారు. వన్, టూ, త్రీ తప్ప ఇంకో మాట లేదు.

మధ్యాహ్నం భానుమతి మేవ్ గది తలుపు తట్టింది. మేవ్ ఆ హోమ్‌లో నర్సింగ్ డైరెక్టరు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. బల్ల మీద సగం తిన్న శాండ్‌విచ్, పక్కన మందుల ఆడిట్ కాగితాలు. మెయిలు చదివి కళ్లజోడు తీసేసింది.

"కూర్చో," అంది. "ఇందులో నువ్వు చేసింది ఏదైనా ఉందా?"

"చదివింది నేనే. ఆ ఆసుపత్రికి మాత్రం వెళ్లలేదు. ఆ తేదీల్లో ఇక్కడే ఉన్నాను. డ్యూటీ రోస్టర్ ఉంటుంది కదా."

మేవ్ కంప్యూటర్ వైపు తిరిగింది. నిరుటి నెలలు, ఈ ఏడాది నెలలు. ఒక్కో నెల తెరిచి, బోర్డు పట్టికలోని తేదీలతో కలిపి చూసి, పసుపు పెన్నుతో గీతలు పెట్టింది. ఇరవై నిమిషాలు పట్టింది. మధ్యలో ఒకసారి ఆగి, "తుఫాను రోజు," అని తనలో తను అనుకున్నట్టు అంది. "జనరేటర్ ఆగినప్పుడు నువ్వు లేకపోతే ఇక్కడ ఎంతమందికి పుండ్లు పడేవో."

ప్రింటర్ కాగితాలు వదులుతూ ఉంటే మేవ్ నింపాదిగా చెప్పింది. ఈ దరఖాస్తు అయిపోయింది, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. సగం చదువు వార్డుల్లో జరగకుండా ఈ దేశంలో ఎవరినీ నర్సుగా రాసుకోరు. అది మూడేళ్ల క్రితమే ఎవరో నీకు చెప్పి ఉండాల్సింది, నన్ను అడిగి ఉంటే నేనే చెప్పేదాన్ని. కానీ ఈ రోస్టర్ ఉంది కాబట్టి నువ్వు మోసపోయావని బోర్డు ఒప్పుకుంటుంది. కేర్ అసిస్టెంట్ ఉద్యోగానికి ఢోకా లేదు. అత్లోన్‌లో యూనివర్సిటీ ఉంది, పెద్ద వయసువాళ్లకి విడిగా సీట్లుంటాయి, నాలుగేళ్లు. మచ్చ లేకుండా బయటపడితే అక్కడ ప్రయత్నించవచ్చు.

నాలుగేళ్లు. భానుమతికి ఇప్పుడు నలభై ఒకటి. ఆ అంకెలు కలపడానికి ఆమె మనసు ఒప్పుకోలేదు.

మేవ్ పెన్ను తీసింది. "నీ తరఫున ఉత్తరం నేను రాస్తాను. ఒక్కటి చెప్పు. ఆ రికార్డు మీద సంతకాలున్నాయని బోర్డు అంటోంది. అవి?"

భానుమతి పట్టిక మీది పసుపు గీతల వైపు చూసింది.

"నావి కావు," అంది భానుమతి.

మేవ్ రాసుకుంది. "మంచిది. అయితే పని సులువు."

బయటికి వచ్చాక భానుమతి మెట్ల దగ్గర గోడకి చేయి ఆనించి నిలబడింది. ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. ఇంటికి వెళ్లాక త్రినాథ్ "మేవ్ ఏటంది?" అని అడిగితే "ఉత్తరం రాస్తానంది" అని మాత్రం చెప్పింది. అతని ముఖం తేటపడింది. అన్నం రెండోసారి పెట్టించుకున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని అతను తినడం చూసింది.

శుక్రవారం పదకొండు గంటలకి రిసెప్షన్ నుంచి పిలుపు వచ్చింది. నీ కోసం ఒకావిడ వచ్చింది అన్నారు.

సందర్శకుల గదిలో, కిటికీ పక్క కుర్చీలో సీతాలక్ష్మి కూర్చుని ఉంది. చీర మీద కొడుకు జాకెట్ కాబోలు, భుజాలు జారిపోతున్న నల్ల కోటు. ఒళ్లో బట్ట సంచి. కుర్చీ అంచుకి జరిగి, సంచిని రెండు చేతులతో పట్టుకుంది.

"ఆంటీ, ఎలగొచ్చేరు? ఒక్కరే వచ్చేరా?"

"రైల్లో వచ్చానమ్మా. స్టేషన్లో ఒకమ్మాయి టాక్సీ ఎక్కించింది."

"అంకుల్‌కి తెలుసా?"

"చీటీ రాసి బల్ల మీద పెట్టి వచ్చాను." ఆవిడ సంచిలోంచి ఒక నోటు పుస్తకం తీసి ఇచ్చింది. అట్ట నలిగిపోయి ఉంది. లోపల ఎవరో విద్యార్థిని ఏళ్ల కిందట నిజంగానే రాసుకున్న వార్డు దినచర్య. కొట్టివేతలు, సిరా మరకలు, అంచుల్లో అనుమానాలు. 'రెండేళ్ల బాబుకి సెలైన్' అందులో ఉంది.

"ఇది చూసి మంచి రాతలో ఎత్తి రాయమన్నారు. వాళ్ల రాతలు బాగుండవు, బోర్డువాళ్లు చదవలేరు, నీ రాత ముత్యాల్లా ఉంటుంది అన్నారు. నేను రాశాను. తేదీలు ఆయన చెప్పేవారు. పదకొండు మందికి రాశాను. పదకొండు మందికీ ఈ ఒక్క పుస్తకమే." ఆవిడ ఆగింది. "అందరూ ఒకే చోట ఒకే పని చేసి ఉంటారనుకున్నానమ్మా. లేదు, అనుకోలేదు. అనుకున్నట్టు ఉండిపోయాను. ఆయన్ని అడిగితే ఏం చెబుతారో నాకు తెలుసు. అందుకే అడగలేదు. మొన్న నీ ముఖం చూశాక ఇంక అలా ఉండలేకపోయాను. ఎవరికి చెప్పాలో నువ్వు చెప్పు. చెప్తాను."

భానుమతి పుస్తకం పట్టుకుని అలాగే నిలబడింది. 'అందుకే అడగలేదు' అని ఆవిడ అన్న మాట చెవిలో ఆగిపోయింది. మార్చిలో గట్టు మీద కాగితాలు తిప్పుతున్నప్పుడు తనకి మాత్రం తెలియదా. మూడో కాగితం దగ్గర చేయి ఆగింది. ఫోను తీసి గోపాలరావుగారి నంబరు దాకా వెళ్లింది కూడా. అడిగితే చదువు ఆగిపోతుందేమోనని ఫోను పక్కన పెట్టేసి నాలుగో కాగితం తీసుకుంది.

మేవ్‌ని పిలుచుకొచ్చింది. మేవ్ కుర్చీ లాక్కుని సీతాలక్ష్మికి ఎదురుగా కూర్చుని, చేయి కలిపి, టీ కావాలా అని అడిగింది. సీతాలక్ష్మికి ఇంగ్లీషు రాయడం వచ్చుగానీ మేవ్ మాట తీరు అందలేదు. భానుమతి వైపు చూసి, "నువ్వు చెప్పమ్మా, నేనన్నది అన్నట్టు చెప్పు," అంది.

తలుపు దగ్గర అలికిడైతే భానుమతి చూసింది. యోగిత. రిసెప్షన్లో ఎవరో చీర కట్టుకున్నావిడ వచ్చారంటే ఎవరో చూడ్డానికి వచ్చినట్టుంది. సీతాలక్ష్మిని గుర్తుపట్టి గుమ్మంలోనే ఆగిపోయింది. వెళ్లలేదు.

సీతాలక్ష్మి తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కో వాక్యం చెప్పి ఆగేది. భానుమతి దాన్ని ఇంగ్లీషులో చెప్పేది. నా పేరు ఇది. నేను టీచర్‌గా పనిచేశాను. ఆ రికార్డులు రాసింది నేను. 'ఐ రోట్ దెమ్' అని భానుమతి నోటితో అన్నప్పుడు గుమ్మంలో యోగిత చేయి నోటికి వెళ్లింది. ఒకే పుస్తకం చూసి రాశాను. పదకొండు మందికి రాశాను. ఈ అమ్మాయికి ఏమీ తెలియదు. ఆ వాక్యం దగ్గర భానుమతి ఆగింది.

సీతాలక్ష్మి ఆమె అనువదించడం కోసం ఎదురుచూసింది. మేవ్ పెన్ను ఎత్తిపెట్టి ఎదురుచూసింది.

"మార్చిలో ఇరవై మూడు ఖాళీ కాగితాలు వచ్చాయి," అంది భానుమతి ఇంగ్లీషులో. "అన్నిటి మీదా సంతకం పెట్టాను. ఎందుకని అడగాలనుకున్నాను. అడగలేదు. అడిగితే ఆగిపోతుందని భయం వేసింది."

మేవ్ పెన్ను కదలలేదు. నిన్న తను రాసుకున్న కాగితం ఆమె ఫైలులోనే ఉంది. సీతాలక్ష్మి వైపు చూసి, మళ్లీ భానుమతి వైపు చూసింది.

"ఇది ఆవిడ చెబుతోందా, నువ్వా?"

"నేను," అంది భానుమతి. "నిన్న మీకు అబద్ధం చెప్పాను. ఆ సంతకాలు నావే."

మేవ్ ఆమెనే చూసింది. ఆ చూపులో కోపం ఉందో లేదో భానుమతికి తెలియలేదు. కళ్లు మాత్రం దించుకోలేదు. మేవ్ ఫైలు తెరిచి, నిన్నటి కాగితం తీసి, ఒక వాక్యం మీద గీత కొట్టింది. కొత్త కాగితం తీసుకుని పైన తేదీ వేసింది.

"ఇది నీకు కష్టమే అవుతుంది, తెలుసుగా," అంది. "సరే. మొదటినుంచి చెప్పు. మెల్లగా."

గుమ్మంలో నిలబడ్డ యోగిత లోపలికి వచ్చింది. గోడ పక్కనున్న కుర్చీ తెచ్చి భానుమతి పక్కన వేసి, తను కూర్చుంది.

"ఆమెది అయినంక నాది గూడ రాసుకోండి," అంది తెలుగులోనే, మేవ్‌ని చూస్తూ.

మేవ్ భానుమతి వైపు తిరిగింది, ఏమంటోందని. భానుమతి చెప్పింది.